యావత్తు

ఏటా వానలు వెనుకపట్టినంక
డబ్బెడు తెల్ల ఎనామిల్, మూడు కుంచెలు సైకిలుకు కట్టుకొని
ఏనెగడ్డ స్తూపం కాడికి పోత.
అక్షరానికి పన్నెండు రూపాయలు. తొమ్మిది పేర్లు.
నాకు ముందు మా నాయిన రాసేది.
అడుగున మూలకు ఇంకా ఉన్నది:
రాజవీరు ఆర్ట్స్, నర్సంపేట.

చెక్కిన వడ్డెరి ఎవడో గాని
ఉలి గోరంత లోతు దింపిండు.
ఆ లోతుల మేం ఏటేటా పోసిన రంగు
పొర మీద పొర, పాల మీది మీగడ తీరు.
ఇప్పుడు అక్షరం గుంత కాదు, బొబ్బ.
వేలితో తడిమితే పేరు తగలదు,
రంగు తగుల్తది.
కాపాడుతున్నమనే అనుకున్నం ఇన్నేండ్లు.

ఈసారి రోడ్డు ఎడల్పు చేస్తున్నరు.
స్తూపం నడుముకు ఎవడో చాక్‌పీసు గీత గీసి
పక్కకు జరపాలె అని రాసి పోయిండు.
జరిపేటప్పుడు పగిలితే?
ఉన్నదున్నట్టు కాయితం మీదికి ఎత్తుకుందామని
తార్పిన్ల గుడ్డ ముంచి, బ్లేడు పట్టుకొని కూసున్న.

మూడొద్దులు గీకిన.
తెలుపు కింద తెలుపు, దాని కింద ఒక్క పొర పసుపు.
తెల్లది దొరకలేదని నాయిన దుకాణపాయనను తిట్టిన ఏడు అది.

తొమ్మిదో పేరు జంగిలి బుచ్చయ్య.
నాకు తెలివి వచ్చిన కాడి నుంచి బుచ్చయ్యే.
దండల బుచ్చయ్య, మైకుల బుచ్చయ్య,
మొన్నటి ఎలక్షన్లల్ల ఆయన మనుమణ్ణని
ఒకాయన ఓట్లు కూడ అడిగిండు.
బ్లేడు కొస చివరి అక్షరం కాడ ఆగింది.
పెచ్చు లేచింది. కింద యావత్తు లేదు.
మావత్తు ఉన్నది, ముడుచుకొని, ఇంత చిన్నగ.
బుచ్చమ్మ.

రాయి మారలేదు.
మీద పాకిన ఆ తోక మా నాయినది.
పలక మీద నా చెయ్యి పట్టి దిద్దించిన ఒంపు, నాకు తెల్వదా.
పొద్దుగూకిందో, కండ్లు మసకబారినయో,
తుపాకి ముంగట నిలబడ్డ పేరు మొగోనిదే అయితదనుకున్నడో.
అడుగుదామంటే ఆయన లేడు.
తర్వాత ఇరవై రెండేండ్లు
ఆ తోక మీద నేను దిద్దిన.

అప్పుడు యాదికొచ్చింది సారవ్వ.
సభ అయి అందరు పోయినంక వచ్చి
గద్దె మీద నాలుగు గాజులు పెట్టి పోయేది.
మొగోళ్ల రాయికి గాజులేందని పిల్లలు నవ్వేది.
నేను గూడ నవ్విన.

తోలుకొచ్చిన. చదువు రాదు.
గుంతల వేలు పెట్టిచ్చిన. మెల్లగ తిప్పుకుంట పోయి
మావత్తు కాడ ఆపింది.

"మా అవ్వ బురుజు మీదికి ఒడి నిండ రాళ్లు మోసింది బిడ్డా,
ఒడిసెల తిప్పెటోళ్లకు.
మూడుసార్లు దిగింది. నాలుగోసారి దిగలే.
పోయేముందు నన్ను గాదెల కూసోబెట్టి
మీద జొన్నలు కప్పింది. తుమ్మకు అన్నది.
ఇప్పటికీ జొన్నల దుమ్ముకు తుమ్మొస్తే ఆపుకుంట."

మరి ఇన్నేండ్లు ఎవ్వరికీ చెప్పకపోతివి?

"రాసున్నదంటిరి గద.
రాసినంక ఇగ నేనేం చెప్త."

సర్పంచ్ వచ్చి వాచీ చూసుకున్నడు. తెల్లారితే సభ.
'యావత్తు గ్రామం తలవంచి' అని
కాయితం చూసుకుంట పాఠం చేస్తున్నడు.
ఏం సదానందం, ఇంకా అయిపోలే?
ఎనిమిదింటికి సన్నకుంచెతో పలుచగ వేసిన,
తొమ్మిదోదానికి వెయ్యలే.
ఈ ఏడు గాలి తగలనియ్యుండ్రి అన్న.
ఎనిమిది పేర్లకే పైసలిచ్చిండు, అక్షరాలు లెక్కపెట్టి.

తొమ్మిదోదానికి సారవ్వ
కొంగుల కాల్చిన మక్కకంకి తెచ్చిచ్చింది.
సైకిలు మీద పోవుకుంటనే తిన్న.
ఉప్పు జర ఎక్కువైంది.